చాయ్ దొరుకుతోంది, కుర్చీ ఏది? కోపీతియామ్ నుంచి ఇరానీ హోటల్ దాకా ఒక నాష్టా చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఈరోజు మన టాపిక్ నాష్టా. పొద్దున ఇంటి బయట, ఒక కుర్చీలో కూర్చుని చేసే నాష్టా.

యునెస్కో దగ్గర ఒక జాబితా ఉంది. గుళ్లు, కోటలు ఉండే జాబితా వేరు. ఇది మనుషులు తరతరాలుగా చేసుకుంటూ వస్తున్న పనుల జాబితా. మన యోగా, కుంభమేళా, కోల్‌కతా దుర్గాపూజ ఇందులో ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో ఇందులో మలేషియా తరఫున చేరిన వాటిల్లో ఒకటి ఏంటో తెలుసా? వాళ్ల పొద్దుటి నాష్టా. నాసీ లెమాక్, రోటీ చనాయ్, తెహ్ తారిక్, ఇవన్నీ కలిపి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఫలానా వంటకం గొప్పది అని వాళ్లు దరఖాస్తు పెట్టుకోలేదు. రకరకాల జాతుల వాళ్లు పొద్దున్నే ఒక చోట కూర్చుని తినే అలవాటు మాది అని పెట్టుకున్నారు.

దానికి ఐదేళ్ల ముందే, 2019లో, మన హైదరాబాద్‌కి కూడా యునెస్కో నుంచే ఒక గుర్తింపు వచ్చింది. తిండికి సంబంధించిన క్రియేటివ్ సిటీ అని. అప్పుడు వాట్సాప్ స్టేటస్‌లన్నీ బిర్యానీ, హలీమ్ ఫొటోలతో నిండిపోయాయి. మనం వంటకాల గురించి మాట్లాడుకున్నాం. కూర్చోవడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ ఎపిసోడ్ అంతా ఆ తేడా మీదే.

పొద్దున ఏడింటికి కోపీతియామ్‌లో

ఐటీ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ప్రాజెక్ట్ కోసం రెండు వారాలు కౌలాలంపూర్‌లో ఉన్నాను. హోటల్ రూమ్‌తో పాటు బఫే ఉండేది. మూడో రోజుకే అది బోర్ కొట్టి, పక్క సందులో ఉన్న ఒక పాత కాఫీ షాపుకి పోవడం మొదలుపెట్టాను. వాటిని అక్కడ కోపీతియామ్ అంటారు. 'కోపీ' మలయ్ మాట, అంటే కాఫీ. 'తియామ్' చైనాలోని హొక్కియన్ వాళ్ల మాట, అంటే షాపు. పేరులోనే రెండు జాతులు ఉన్నాయి.

లోపలికి పోతే పాలరాయి పలక వేసిన గుండ్రటి టేబుళ్లు, వంచిన చెక్కతో చేసిన కుర్చీలు, పైన ఫ్యాన్లు. మెనూ కార్డ్ అడిగితే నవ్వుతారు. పెద్దాయన ఒకాయన నిలబడి మన మొహం చూస్తాడు, మనం చెప్పాలి.

నాష్టా ఏంటంటే, బొగ్గుల మీదో గ్రిల్ మీదో కాల్చిన బ్రెడ్. మధ్యలో వెన్న ముక్క, దాంతో పాటు 'కాయా' అనే జామ్. మన కాయ కాదు. కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండన్ ఆకు వేసి చాలాసేపు కలుపుతూ ఉడికించిన ముద్ద అది. పక్కన రెండు కోడిగుడ్లు, సగమే ఉడికినవి. వాటిని సాసర్‌లోకి పగలగొట్టుకుని, సోయా సాస్ చుక్కలు, తెల్ల మిరియాల పొడి వేసుకుని తాగేయాలి, లేదా బ్రెడ్ ముంచుకుని తినాలి. మొదటిరోజు ఆ జారుడు గుడ్డు చూసి కొంచెం ఇబ్బంది పడ్డాను. నాలుగో రోజు ఇంకో రెండు చెప్పాను.

ఇక కాఫీ. గింజల్ని చక్కెర, వెన్నలాంటి కొవ్వు వేసి నల్లగా వేయిస్తారు. పొడవాటి గుడ్డ సంచిలో పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి వడకడతారు. కప్పు అడుగున కండెన్స్‌డ్ మిల్క్ ఉంటుంది. ఆర్డర్ ఇవ్వడానికి ఒక కోడ్ ఉంది. ఊరికే 'కోపీ' అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో. 'కోపీ ఓ' అంటే పాలు లేకుండా, చక్కెరతో. 'కోపీ సి' అంటే చిక్కబెట్టిన, తీపి లేని పాలతో. చివర 'కోసోంగ్' అంటే చక్కెర వద్దు, 'పెంగ్' అంటే ఐస్ వెయ్యి. కోడ్ రాసుకుని బతికిన నాకు ఇది వెంటనే నచ్చేసింది. ఒక బేస్, దానికి ఆప్షన్లు. డాక్యుమెంటేషన్ మాత్రం ఎక్కడా ఉండదు, పక్కవాళ్లని విని నేర్చుకోవాలి.

నా కళ్లు మాత్రం పక్క టేబుల్ మీద ఆగిపోయాయి. ఒక తాతగారు కాఫీని సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ తాగుతున్నాడు. ఈ సీన్ నేనెక్కడ చూశాను? సికింద్రాబాద్‌లో. అదే సాసర్, అదే పాలరాయి టేబుల్, అదే వంపు కుర్చీ. రెండు ఊళ్ల మధ్య సముద్రం ఉంది. ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు?

ఎవరూ కొట్టలేదు. కానీ రెండు చోట్లా ఒకేలాంటి మనుషులకి ఒకేలాంటి అవసరం వచ్చింది.

ఆఖర్న వచ్చినవాళ్లు

చైనా నుంచి మలయాకి ఎన్నో రకాల వాళ్లు వలస వచ్చారు. హొక్కియన్లు, కాంటనీస్ వాళ్లు, తియోచూ వాళ్లు ముందే వచ్చి వ్యాపారాలు పట్టుకున్నారు. ఒక్కో జాతికి ఒక్కో సంఘం, తమవాళ్లకే పని. హైనాన్ ద్వీపం నుంచి వచ్చినవాళ్లు వరుసలో చివర నిలబడ్డారు. వాళ్లకి మిగిలింది ఏంటి? ఓడల్లో, బ్రిటిష్ దొరల బంగళాల్లో వంటపని, ఇంటిపని. అక్కడ వాళ్లు బ్రెడ్ కాల్చడం, వెన్న రాయడం, కాఫీ పెట్టడం నేర్చుకున్నారు. తర్వాత నాలుగు డబ్బులు కూడబెట్టుకుని సొంత షాపులు పెట్టారు. దొరల జామ్‌కి బదులు చేతికందే కొబ్బరిపాలతో కాయా చేశారు. దొర టేబుల్ మీది నాష్టా రిక్షా లాగేవాడికీ, రేవులో మూటలు మోసేవాడికీ అందింది. కౌలాలంపూర్‌లో ఉన్న యుట్ కీ అనే హైనానీస్ షాపు 1928లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తోంది.

అదే మలయాలో మనవాళ్లు కూడా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల ద్వారా రబ్బరు తోటలకి, కొబ్బరి తోటలకి పోయిన తెలుగు కుటుంబాలు. కంగాణీ అంటే కూలీల్ని పోగుచేసి తీసుకుపోయే మేస్త్రీ. 1938లో ఇండియా ప్రభుత్వం ఆ కూలీ వలసని ఆపేసింది. అప్పటికే అక్కడ స్థిరపడిన వాళ్లు 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడున్న మలేషియా తెలుగు సంఘం దానికి కొనసాగింపే.

ఇక్కడ ఒక విషయం చూడండి. రబ్బరు చెట్టుకి గాటు పెట్టే పని తెల్లవారకముందే మొదలవుతుంది, చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి కాబట్టి. అంటే టౌన్‌లో కోపీతియామ్ కుర్చీలు నిండే టైమ్‌కి ఎస్టేట్ కూలీ చెట్ల మధ్య నిలబడి ఉంటాడు. నాష్టాకి కూర్చోవడం అనేది అందరికీ దొరికింది కాదు. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఈ పాయింట్ దగ్గరికే వస్తాం.

యజ్ద్ నుంచి హైదరాబాద్‌కి

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇరాన్ మధ్యలో ఎడారి అంచున యజ్ద్ అనే ప్రాంతం ఉంది. దాని పక్కన కెర్మాన్. 1870-72లో ఇరాన్‌లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో, 20వ శతాబ్దం మొదట్లో, అక్కడి పేదవాళ్లు చాలామంది బొంబాయి చేరారు. బొంబాయిలో పార్సీలు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. వాళ్ల పూర్వీకులూ ఇరాన్ నుంచే, కానీ వెయ్యేళ్ల కింద వచ్చినవాళ్లు. ఓడలు, మిల్లులు వాళ్లవి. కొత్తగా వచ్చిన ఇరానీలకి మిగిలింది చాయ్ షాపు. హిందూ వ్యాపారులు మూల షాపులు అచ్చిరావని వదిలేస్తే, ఇరానీలు అవి చవగ్గా పట్టుకున్నారని బొంబాయిలో చెబుతారు. రెండు రోడ్లు కలిసే చోట రెండు వైపులా తలుపులు, అంతకంటే మంచి స్పాట్ హోటల్‌కి ఏం కావాలి?

బొంబాయి నుంచి పుణె, పుణె నుంచి హైదరాబాద్. ఇక్కడికి వచ్చిన ఇరానీలు ఎక్కువమంది ముస్లింలు. హైదరాబాద్ వాళ్లకి పూర్తిగా పరాయి ఊరు కాదు. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఇరాన్ పండితులు, వ్యాపారులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. చార్మినార్ చుట్టూ ఊరి ప్లాన్ వేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ మనిషే. నిజాం ఆఫీసుల్లో 1880ల దాకా ఫారసీలోనే ఫైళ్లు నడిచాయి. పాత ఇరానీలు కలంతో వచ్చారు. ఈ కొత్త ఇరానీలు కెటిల్‌తో వచ్చారు.

అప్పటికి చాయ్ కూడా మనకి కొత్తే అని చాలామందికి తెలీదు. బ్రిటిష్ తోటల్లో పండిన టీ ఎక్కువగా ఓడెక్కి పోయేది. 1903లో టీ మీద పన్ను వేసి, ఆ డబ్బుతో ప్రచారం చేయడానికి ఒక కమిటీ పెట్టారు. 1930ల మాంద్యంలో బయట అమ్మకాలు పడిపోయాక మన దేశంలో ప్రచారం బాగా పెరిగింది. రైల్వే స్టేషన్లలో పోస్టర్లు, ఊళ్లలో ఉచితంగా కప్పులు. అంటే హైదరాబాదీకి చాయ్ అలవాటవడం, ఇరానీ హోటల్ రావడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ టాకీస్ దగ్గర 1953లో ఒక చిన్న కెఫె పెట్టారు. ఈరోజు బిర్యానీకి పేరుమోసిన ప్యారడైజ్ అదే, మొదలుపెట్టింది ఇరానీ కుటుంబమే.

ఇంకో ఫ్యాక్ట్. ఇరాన్‌లో ఇరానీ చాయ్ తాగరు! అక్కడ పాలు లేని చాయ్ తాగుతారు, చక్కెర ముక్క నోట్లో పెట్టుకుని. మన ఇరానీ చాయ్ ఇరానీలు ఇక్కడికొచ్చాక, ఇక్కడి పాలతో, ఇక్కడివాళ్ల నాలుక కోసం చేసింది. అక్కడ హైనాన్ వాళ్లు మలయా కొబ్బరితో కాయా చేసినట్టే.

కప్పు, సాసర్

ఇరానీ చాయ్‌లో కిటుకు ఏంటంటే, పాలు, డికాక్షన్ కలిపి మరిగించరు. ఒక పక్క రాగి పాత్రలో టీ పొడి, నీళ్లు, మూత బిగించి సన్నటి మంట మీద గంటలకొద్దీ ఉంచుతారు. ఇంకో పక్క పాలు చిక్కబడే దాకా కాస్తూ ఉంటారు. కప్పులో ముందు డికాక్షన్, పైన చిక్కటి పాలు. ఆ రంగు చూస్తేనే చెప్పొచ్చు ఎక్కడిదో.

ఇక్కడా కోపీతియామ్‌లో లాగే కోడ్ ఉంది. 'పౌనా' అంటే ముప్పావు కప్పు. 'కడక్' అంటే గట్టిగా. 'ఖడే చమ్మచ్' అంటే చక్కెర ఎంత ఉండాలంటే చెంచా నిలబడాలి అని. 'వన్ బై టూ' గురించి నేను చెప్పక్కర్లేదు, నెలాఖరులో అందరికీ వచ్చిన భాషే అది.

నాష్టాకి ఏముంటుంది? తొందరున్నవాళ్లకి బన్ మస్కా, ఉస్మానియా బిస్కెట్. ఆ బిస్కెట్‌కి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం మొదలైందని ఒక కథ చెబుతారు. కొంచెం ఉప్పు, కొంచెం తీపి, చాయ్‌లో ముంచితే రెండు సెకన్లే టైమ్, తర్వాత కప్పు అడుగున వెతుక్కోవాలి. ఆకలున్నవాళ్లకి ఖిచ్డీ, కీమా, ఖట్టా. ఇంకా గట్టిగా కావాలంటే నిహారీ, కుల్చా. ఉల్లిపాయ సమోసాలు ప్లేట్ నిండా తెచ్చి టేబుల్ మీద పెట్టేస్తాడు. ఎన్ని తింటే అన్నిటికే డబ్బులు. లెక్క మన నోటి మీద నమ్మకం. వెయిటర్ కౌంటర్ వైపు అరిచి చెబుతాడు, అదే బిల్లు.

ఎవరు కూర్చున్నారు

ఇక్కడి నుంచి అసలు విషయం.

మన ఊళ్లలో చాయ్ బండి చరిత్ర అంత తియ్యటిది కాదు. రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో చాలామంది విని ఉంటారు, కొందరి ఇళ్లలో పెద్దవాళ్లు అనుభవించి ఉంటారు. దళితులకి వేరే గ్లాసు, వాళ్లే కడిగి పెట్టాలి, బెంచీ మీద కూర్చోకూడదు. తెలుగు రాష్ట్రాల ఊళ్లలో ఇది దగ్గరి కాలం దాకా రికార్డ్ అయిన విషయం. ఒకప్పుడు పట్నంలో కూడా ఫలానా కులం వాళ్లకి మాత్రమే అని నడిచే భోజన హోటళ్లు ఉండేవి.

అలాంటి ఊరి నుంచి పనికోసం పట్నం వచ్చిన మనిషి సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగుతాడు. ఎదురుగా ఇరానీ హోటల్. కౌంటర్ మీద కూర్చున్న ఇరానీకి మన కులాలు తెలీవు, తెలుసుకుని చేసేది కూడా ఏమీ లేదు. డబ్బులుంటే కప్పు వస్తుంది. అదే చీనీమట్టి కప్పు, అదే పాలరాయి టేబుల్, ఎదుటి కుర్చీలో ఎవరో వకీలు. దేవుడి దగ్గర అందరూ సమానం అని చెప్పే చోట్లు చాలా ఉన్నాయి. టేబుల్ దగ్గర సమానం అయిన చోటు ఊరి నుంచి వచ్చిన చాలామందికి ఇదే మొదటిది. ఇరానీలు సంఘ సంస్కర్తలని నేననడం లేదు. వాళ్లు వ్యాపారం చేసుకున్నారు. బయటివాడు పెట్టిన షాపులో మన లోపలి గీతలు పని చేయలేదు, అంతే.

ఇంకో సంగతి, ఎవరూ లెమ్మనరు. ఒక చాయ్ చెప్పి గంట కూర్చోవచ్చు. టేబుల్ మీద పేపర్ ఉంటుంది, ఒక్కో పేజీ ఒక్కో టేబుల్‌కి పోతుంది. ఆబిడ్స్‌లో ఓరియెంట్ హోటల్ ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, లీడర్లు, జర్నలిస్టులు అక్కడే కూర్చునేవాళ్లు. పెద్ద పెద్ద వాదనలకి వాళ్లు కట్టిన అద్దె ఒక చాయ్. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ 'అందరూ'లో ఆడవాళ్లు చాలా తక్కువ. ఫ్యామిలీ రూమ్ అని ఒక మూల తెర కట్టి ఉండేది, హాల్ అంతా మగవాళ్లదే. మా అమ్మమ్మ వాళ్ల తరంలో ఇరానీ హోటల్‌లో కూర్చుని చాయ్ తాగిన ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని మా చుట్టాల్లో అడిగితే ఒక్కరూ దొరకలేదు. ఎస్టేట్ కూలీకి కోపీతియామ్ కుర్చీ అందనట్టే, వీళ్లకి ఈ కుర్చీ అందలేదు. కాబట్టి పాత రోజులన్నీ బంగారం అని నేను చెప్పను. కుర్చీ ఇంకా ఎక్కువమందికి అందాల్సింది పోయి, ఉన్నవాళ్లకే తగ్గిపోయింది. నా బాధ అది.

కుర్చీ లెక్క

ఎందుకు తగ్గింది? ఇరానీల పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి, వేరే దేశాలకి పోయారు. రోడ్లు వెడల్పు చేశారు. పార్ట్‌నర్ల మధ్య గొడవలు వచ్చాయి. ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటి కింద ఒక లెక్క ఉంది. ఇంజినీర్‌ని కదా, వేసి చూపిస్తాను. అంకెలు అర్థం కావడానికి నేను అనుకున్నవి.

ఒక మనిషి పట్టే చోటు తీసుకోండి. టైమ్ 45 నిమిషాలు. ఇరానీ పద్ధతిలో ఆ చోట్లో ఒకాయన కూర్చుని ఒక 20 రూపాయల చాయ్ తాగి పేపర్ చదివాడు. సంపాదన 20. అదే చోట్లో కుర్చీ తీసేస్తే? నిలబడి తాగేవాడికి 3 నిమిషాలు చాలు. 45 నిమిషాల్లో 15 మంది, 300 రూపాయలు. అదే చోట్లో కుర్చీ ఉంచి 300 రూపాయల బిర్యానీ పెడితే? అదీ 300. అంటే ఓనర్‌కి రెండే దారులు. చాయ్ అమ్మాలంటే కుర్చీ తీసేయాలి. కుర్చీ ఉంచాలంటే బిర్యానీ అమ్మాలి. చాయ్, కుర్చీ రెండూ ఉంచినవాడు పదిహేనో వంతు సంపాదనతో అదే మూల షాపు అద్దె కట్టాలి.

హైదరాబాద్‌లో జరిగింది చూడండి. కెఫెగా మొదలైన ప్యారడైజ్ బిర్యానీ అయింది. చార్మినార్ దగ్గర 1993లో మొదలైన నిమ్రాలో చాయ్ అద్భుతంగా ఉంటుంది, కానీ జనం ఎక్కువగా నిలబడే తాగుతారు. నీలోఫర్ కెఫెది ఇంకో దారి. అక్కడ పనివాడిగా చేరి ఓనర్ అయిన బాబూరావు గారు దాన్ని బ్రాండ్ చేశారు, హైటెక్ సిటీ వైపు పెద్ద పెద్ద బ్రాంచీలు వచ్చాయి. ఆయన ఆస్పత్రుల దగ్గర పేదవాళ్లకి ఉచితంగా నాష్టా పెట్టడం కూడా అందరికీ తెలిసిందే. ఒక హోటల్ పనివాడు ఇంత ఎదగడం నిజంగా గొప్ప విషయం. కానీ బ్రాండ్ కెఫెలో కుర్చీకి రేటు ఉంటుంది, అది కప్పు ధరలో కలిసి వస్తుంది.

మలేషియాలో కూడా ఇదే నొప్పి. అక్కడ పాత ఇళ్ల అద్దెలు పెరగకుండా ఒక చట్టం ఉండేది. 2000 జనవరి 1 నుంచి అది రద్దయింది. పెనాంగ్ లాంటి చోట్ల పాత షాపుల అద్దెలు ఒక్కసారిగా పెరిగాయి. నేను చెప్పిన యుట్ కీ కూడా 2014లో పాత బిల్డింగ్ ఖాళీ చేసి దగ్గర్లోనే ఇంకో చోటికి మారింది. ఇపోలో పుట్టిన ఓల్డ్‌టౌన్ అనే కాఫీ చైన్ 2018లో ఒక యూరప్ కంపెనీ చేతిలోకి పోయింది.

అయినా కోపీతియామ్ మనకంటే ఎక్కువ నిలబడింది. ఎందుకంటే దాని డిజైన్ వేరు. చాలా కోపీతియామ్‌లలో ఓనర్ కాఫీ, చాయ్ మాత్రమే అమ్ముతాడు. మూలల్లో నూడుల్స్ బండి ఒకరిది, అన్నం బండి ఒకరిది, వాళ్లు ఓనర్‌కి అద్దె కడతారు. ఒక కుర్చీ ఖర్చుని నలుగురు పంచుకుంటారన్నమాట. మన ఇరానీ హోటల్ ముందు పాన్ డబ్బా ఉండేది, అంతవరకే. సింగపూర్‌లో ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వమే హాకర్ సెంటర్లు కట్టి కుర్చీలు వేసింది. 2020లో దానికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడ 2014లో జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. మంచి పని. కానీ మొదట్లో అంతా నిలబడి తినడమే. తర్వాత కొన్ని చోట్ల కూర్చుని తినే ఏర్పాటు చేశారు. కడుపుతో పాటు కాళ్లు కూడా ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది.

శామీర్‌పేట రోడ్డు మీద

మా శామీర్‌పేట సంగతి చెప్తాను. రాజీవ్ రహదారి మీద తూంకుంట నుంచి తుర్కపల్లి వైపు పోతుంటే 'ఇరానీ చాయ్' అని బోర్డులు వరసగా కనిపిస్తాయి. చాయ్‌కి కొరతేం లేదు. నల్సార్ పిల్లలు, బిట్స్ పిల్లలు, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో షిఫ్ట్ దిగినవాళ్లు, కరీంనగర్ పోయే డ్రైవర్లు, డెలివరీ బాయ్స్, అందరూ ఆగుతారు. పేపర్ కప్పు తీసుకుంటారు. బైక్ సీటు మీద కూర్చుంటారు, లేదా బైక్ పక్కన నిలబడతారు. మూడు నిమిషాలు, పోతారు. కప్పు రోడ్డు పక్కన పడుతుంది.

ఆ కప్పుకి సాసర్ లేదు. సాసర్ లేకపోతే వన్ బై టూ లేదు. వన్ బై టూ లేకపోతే ఇంకొకరి ఎదురుగా కూర్చోవాల్సిన పని లేదు.

నాలుగు అడుగులు వేస్తే ఏసీ కెఫె ఉంటుంది. అక్కడ కుర్చీ ఉంది, వైఫై ఉంది, కాఫీ 200 పైన. కాబట్టి ఇప్పుడు మన రోడ్డు మీద ఉన్న పద్ధతి ఇది: డబ్బులున్నవాడు కూర్చుంటాడు, లేనివాడు నిలబడతాడు. పాత ఊళ్లో బెంచీ మీద ఎవరు కూర్చోవాలో కులం చెప్పేది. ఇప్పుడు బిల్లు చెబుతోంది. మధ్యలో ఒక యాభై, అరవై ఏళ్లు మాత్రం, కొన్ని మూల షాపుల్లో, ఒక చాయ్ ధరకి ఎవరైనా కూర్చోగలిగారు. ఇరానీ హోటల్ చరిత్ర అంటే నాకు ఆ యాభై, అరవై ఏళ్లే.

చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర, అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్‌కి చదివే పిల్లల్ని చూడండి. ఎంత చర్చ, ఎంత వాదన, అంతా ఫుట్‌పాత్ మీద నిలబడి. మఖ్దూం తరానికి దొరికిన కుర్చీ వీళ్లకి దొరకలేదు. వీళ్లకి వాదన లేక కాదు.

మరి ఏం చేద్దాం?

హెరిటేజ్ బోర్డు తగిలిస్తే హోటల్ బతకదు, కస్టమర్ వస్తేనే బతుకుతుంది. కాబట్టి మొదటి పని సింపుల్. ఈ ఆదివారం రీల్స్ కోసం కాదు, నాష్టా కోసం పోండి. ఆబిడ్స్ గ్రాండ్‌కి, సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట ఆల్ఫాకి, లేదా మీ ఏరియాలో మిగిలిన ఏదో ఒక పాత హోటల్‌కి. ఒక్క చాయ్‌తో గంట కూర్చునే హక్కు మనకుంది. కానీ మన లెక్క మనమే చూశాం కదా. రెండో చాయ్ చెప్పండి, సమోసా తినండి. ఆ కుర్చీకి మనం కట్టే అద్దె అది. అమ్మనో, చెల్లినో, ఫ్రెండ్‌నో తీసుకుని పోండి. హాల్ మధ్యలో టేబుల్ మీద కూర్చోండి, మూల గదిలో కాదు.

రెండో పని. మీ ఊళ్లో చాయ్ హోటల్ పెట్టే దోస్తు ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. కోపీతియామ్ డిజైన్ చెప్పండి. చాయ్ ఒకరిది, ఇడ్లీ ఒకరిది, మిర్చీ బజ్జీ ఒకరిది, కుర్చీలు అందరివీ. శామీర్‌పేట చెరువు దగ్గర ఆదివారం వచ్చే జనానికి ఇది పని చేస్తుందని నా నమ్మకం.

మూడోది మీ ఇంట్లో పని. మీ తాతనో, నాన్ననో అడగండి: పట్నం వచ్చిన కొత్తలో మొదటిసారి ఏ హోటల్‌లో కూర్చుని చాయ్ తాగావు, ఎదురుగా ఎవరున్నారు, ఎవరైనా లెమ్మన్నారా? ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ఈ హోటళ్ల చరిత్ర పుస్తకాల్లో తక్కువ, ఇలాంటి వాళ్ల నోళ్లలోనే ఎక్కువ ఉంది. మీకు దొరికిన ముచ్చట కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను.

వచ్చే ఎపిసోడ్ శామీర్‌పేట చెరువు మీద. ఉంటాను మరి.